హెర్మన్ హెల్‌రీగెల్

భిలాయి ఉక్కు కర్మాగారంలో కోక్ తయారయ్యేటప్పుడు వెలువడే అమ్మోనియాతో అమ్మోనియం సల్ఫేటు ఎరువు చేస్తారు. పైరుకు కావలసింది అందులోని నత్రజని. మీరు ఊరు దాటి వరిపొలాలకు వెళితే, కోతకు ముందే చేలో ఖేసరి గింజలు చల్లే రైతులు కనిపిస్తారు. మన కోస్తాలో పిల్లిపెసర చల్లినట్లే. పశువులకు మేత, నేలకు నత్రజని. మరి ఈ నత్రజని ఎక్కడిది?

ఈ చిక్కు విప్పిన శాస్త్రజ్ఞుడు హెల్‌రీగెల్. ఆయన 1831లో జర్మనీలోని సాక్సనీలో జన్మించారు. బెర్న్‌బర్గ్ వ్యవసాయ పరిశోధన కేంద్రానికి అధిపతి అయ్యారు. నత్రజని లేని ఇసుక కుండీలలో బార్లీ, బఠాణీ పెంచారు. బార్లీ అంతా ఒకే తీరుగా గిడసబారింది. బఠాణీ మాత్రం కొన్ని కుండీలలో చచ్చింది, కొన్నిటిలో ఏపుగా పెరిగింది. మరొకరైతే ప్రయోగం చెడిందని కుండీలు పారబోసేవారే! ఆయన ఇసుకను బాగా కాచి మళ్ళీ నాటారు. ఒక్క బఠాణీ ఎదగలేదు. పొలం మట్టి కలిపిన నీరు కొంచెం పోశారు. మొక్కలు తేరుకున్నాయి, వేళ్ళకు బుడిపెలు వచ్చాయి. ఆ బుడిపెలలోని సూక్ష్మజీవులే గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తున్నాయన్నమాట. సహచరుడు విల్‌ఫార్త్‌తో కలిసి చేసిన ఈ పనిని 1886లో బెర్లిన్‌లో ప్రకటించారు. అంతకు సుమారు 30 ఏళ్ళ ముందు ఇంగ్లండులో మట్టిని కాల్చి ప్రయోగం చేసినవారికి ఈ సంగతి దొరకలేదు. కారణం మీరే ఊహించగలరు. హెల్‌రీగెల్ 1895లో మరణించారు.

పిల్లిపెసర మొక్కను మట్టితో సహా తవ్వి, వేరు బుడిపెను గిల్లి చూడండి. లోపల ఎర్రగా ఉంటే అది పనిచేస్తున్నట్లే.