ఫూలే చూసిన కరువు

కరువుకు కులం లేదనే మాటను నేను ఒప్పుకోలేను. జోతీరావు ఫూలే జీవితం చదివినవారెవరూ ఒప్పుకోలేరు.

1827లో మాలి కులంలో పుట్టిన ఫూలే దక్కను రైతు పతనాన్ని కళ్లారా చూశారు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో పెరిగిన పత్తి ధర 1865 తరువాత కూలింది. భూమిశిస్తు మాత్రం పెరిగింది. షావుకారు రాసుకున్న పత్రంపై చదువురాని రైతు వేలిముద్ర వేశాడు. 1875 మే నెలలో పుణె జిల్లా సూపేలో తిరగబడిన రైతులు ఆ రుణపత్రాలనే తగలబెట్టారు. పత్రాలు కాలాయి గానీ వాటిని చదవలేని దుస్థితి కాలలేదు. 1848 నుంచే బాలికలకు, అంటరాని కులాల పిల్లలకు బడులు తెరిచిన ఫూలే పోరాటం ఆ దుస్థితితోనే.

1876-78 కరువులో ఆయన 1873లో స్థాపించిన సత్యశోధక సమాజం పల్లెలకు కదిలింది. సావిత్రీబాయి జున్నర్ ప్రాంతంలో పనిచేశారు. ధన్‌కవడిలో ఆకలిగొన్న పిల్లలకు ఆశ్రమం వెలిసింది. తాకట్టుకు సెంటు భూమి లేక, ఊరిబావిని తాకే హక్కు లేక బతికినవారికి వానలు కురిసిన ఏడాది కూడా కరువే. 1868లోనే తన ఇంటి నీటితొట్టిని వారికి తెరిచిన ఫూలేకు ఈ సంగతి తెలుసు.

1883లో పూర్తిచేసిన ‘షేత్కార్యాచా ఆసూడ్’లో ఆయన శిస్తును, కచేరీని, పురోహితుని దక్షిణను ఒకే లెక్కలో చూపారు. 1890లో కన్నుమూశారు. రుణమాఫీ జాబితాలో పేరుకెక్కని కౌలురైతు కులమేమిటని అడగనంతకాలం ఆ లెక్క మనకు అర్థం కానట్టేనని నా అభిప్రాయం.