అలలకు ఎదురీదిన ఆరతీ సాహా

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఆరతీ సాహా జీవితంలోని ముఖ్య ఘట్టాలను వరుసగా చెప్పగలుగుతారు.
• ఇంగ్లీషు ఛానల్‌ను ఈదడం ఎందుకు కష్టమో వివరించగలుగుతారు.
• ఒక క్రీడాకారిణి విజయం వెనుక ఎందరి తోడ్పాటు ఉంటుందో గుర్తించగలుగుతారు.

1. పరిచయం

మన ఊళ్ళలో చెరువులోనో, కాలువలోనో, దిగుడుబావిలోనో ఈత నేర్చుకున్నవారు చాలామంది ఉంటారు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదగలిగితే మంచి ఈతగాడని పదిమందీ మెచ్చుకుంటారు. మరి చల్లని సముద్రంలో, ఎక్కడా ఆగకుండా, దేనినీ పట్టుకోకుండా పదహారు గంటలకు పైగా ఈదడమంటే మాటలా? 1959లో కలకత్తాకు చెందిన ఒక యువతి ఆ పని చేసింది. ఆమె పేరు ఆరతీ సాహా. ఇంగ్లీషు ఛానల్‌ను ఈదిన తొలి ఆసియా మహిళ ఆమే.

అయితే ఆమె మొదటిసారి గెలవలేదు. ఒడ్డుకు బాగా చేరువగా వచ్చి ఓడిపోయింది. ఆ ఓటమికీ, గెలుపుకూ మధ్య ఉన్నవి 33 రోజులు మాత్రమే. ఆమె కథ ఏమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

2. బాల్యం, తొలి పోటీలు

ఆరతి 1940 సెప్టెంబరు 24న కలకత్తాలో (ఇప్పటి కోల్‌కతా) ఒక మధ్యతరగతి కుటుంబంలో పుట్టింది. తండ్రి పాంచుగోపాల్ సాహా సైన్యంలో చిన్న ఉద్యోగి. ఆరతికి మూడేళ్ళు నిండకముందే తల్లి చనిపోయింది. అప్పటి నుంచి ఆమెను నాయనమ్మ పెంచింది.

నాలుగేళ్ళ వయసులో ఆరతి పెద్దవాళ్ళ వెంట చంపాతలా ఘాట్‌కు స్నానానికి వెళ్ళేది. అక్కడే ఆమెకు ఈత అబ్బింది. కూతురి ఆసక్తిని గమనించిన తండ్రి ఆమెను హాట్‌ఖోలా స్విమ్మింగ్ క్లబ్బులో చేర్పించాడు. అక్కడ సచిన్ నాగ్ ఆమెలోని ప్రతిభను గుర్తించి శిక్షణ ఇచ్చారు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో వంద మీటర్ల ఈతలో బంగారు పతకం గెలిచింది ఈ సచిన్ నాగే. ఆసియా క్రీడల్లో భారతదేశానికి అదే తొలి బంగారు పతకం.

ఆరతి అయిదేళ్ళ వయసులోనే, 1946లో, 110 గజాల ఈతపోటీలో మొదటి బహుమతి పొందింది. ఆ తరువాత బెంగాల్‌లో జరిగిన పోటీల్లో వరుసగా బహుమతులు తెచ్చుకుంది. 1952లో ఫిన్లాండు రాజధాని హెల్సింకీలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. ఆ క్రీడల్లో భారత జట్టు తరఫున నలుగురు మహిళలు పాల్గొన్నారు. వారిలో డాలీ నజీర్, ఆరతి ఈతగత్తెలు. అప్పటికి ఆరతికి పన్నెండేళ్ళు కూడా నిండలేదు. 200 మీటర్ల పోటీలో ఆమె 3 నిమిషాల 40.8 సెకన్లలో ఈదింది. పతకం రాలేదు. కాని ప్రపంచస్థాయి ఈత ఎలా ఉంటుందో ఆమె కళ్ళారా చూసింది.

పాఠగత ప్రశ్నలు – 1
ఖాళీలు పూరించండి.
(అ) ఆరతికి ఈతలో శిక్షణ ఇచ్చినవారు ...................
(ఆ) ఆరతి పాల్గొన్న ఒలింపిక్ క్రీడలు ................... నగరంలో జరిగాయి.

3. ఇంగ్లీషు ఛానల్ – ఒక పరీక్ష

ఫ్రాన్సు, ఇంగ్లండు దేశాల మధ్య ఉన్న సముద్రభాగమే ఇంగ్లీషు ఛానల్. చాలా ఇరుకుగా ఉన్నచోట దాని వెడల్పు సుమారు 34 కిలోమీటర్లు. దూరం ఒక్కటే అయితే సాధన చేసినవారికి అంత కష్టం కాదు. అసలు కష్టాలు రెండు. మొదటిది చలి. ఎండాకాలంలో కూడా అక్కడి నీరు వణికించేంత చల్లగా ఉంటుంది. రెండవది ఆటుపోట్లు. సుమారు ఆరు గంటలకొకసారి ప్రవాహం దిశ మారుతుంది. అది ఈతగాడిని పక్కకు లాగుకుపోతుంది. అందువల్ల తిన్నగా ఒడ్డుకు వెళ్ళడం కుదరదు. వంకరటింకరగా, ఎక్కువ దూరం ఈదవలసి వస్తుంది. మన కోస్తా జాలరులు పోటు, పాటు చూసుకుని పడవ దింపుతారు కదా! ఛానల్ ఈదేవారు కూడా సమయం చూసుకునే నీటిలోకి దిగాలి.

నియమాలు కూడా కఠినమైనవే. చలికి తట్టుకోవడానికి ఒంటికి గ్రీజు పూసుకోవచ్చు. కాని వెచ్చదనమిచ్చే దుస్తులు వేసుకోకూడదు. వెంట ఒక పడవ వస్తుంది. దారి చూపడం, ఆహారం అందించడం ఆ పడవ పని. ఈదేవారు పడవను గాని, అందులోని మనిషిని గాని పట్టుకుంటే ఆ ఈత లెక్కలోకి రాదు.

ఈ ఛానల్‌ను మొదట ఈదినవాడు ఇంగ్లండుకు చెందిన మాథ్యూ వెబ్. అది 1875లో. మహిళల్లో మొదట ఈదినది అమెరికాకు చెందిన గెర్‌ట్రూడ్ ఎడర్లీ, 1926లో. ఆసియా ఖండం నుంచి తొలిసారిగా 1958 ఆగస్టులో బ్రోజెన్ దాస్ ఈదాడు. ఆయన అప్పటి తూర్పు పాకిస్తాన్‌కు, అంటే నేటి బంగ్లాదేశ్‌కు చెందినవాడు. ఆ మరుసటి నెలలో మిహిర్ సేన్ ఈ ఘనత సాధించిన తొలి భారతీయుడయ్యాడు. బ్రోజెన్ దాస్ పాల్గొన్న పోటీలోనే గ్రెటా ఆండర్సన్ అనే మహిళ, మగవారందరినీ దాటి మొదటి స్థానం పొందింది.

ఈ వార్తలు ఆరతి మనసులో కోరిక రగిలించాయి. తానూ ఛానల్ ఈదాలని ఆమె నిశ్చయించుకుంది. మరుసటి ఏడాది పోటీకి ఆమె పేరును నిర్వాహకులకు సూచించింది బ్రోజెన్ దాసే. దేశం వేరైనా, తోటి క్రీడాకారిణిని ప్రోత్సహించడానికి ఆయనకు ఆ తేడా అడ్డు రాలేదు.

4. సాధన, సహాయం

కోరిక ఉన్నా డబ్బు లేదు. ఆ రోజుల్లో ఇంగ్లండు ప్రయాణం, అక్కడ నెలల తరబడి బస, పడవ ఖర్చు మధ్యతరగతి కుటుంబానికి తలకు మించిన భారం. హాట్‌ఖోలా క్లబ్బువారు, శ్రేయోభిలాషులు నిధుల సేకరణకు పూనుకున్నారు. మిహిర్ సేన్ అండగా నిలిచాడు. బెంగాల్ ముఖ్యమంత్రి డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ 11,000 రూపాయలు మంజూరు చేశారు. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ కూడా ఈ ప్రయత్నంపై ఆసక్తి చూపారు.

ఒకవైపు డబ్బు సమకూరుతుండగా, మరోవైపు ఆరతి గంటల తరబడి నీటిలో ఉండటం అలవాటు చేసుకుంది. 1959 ఏప్రిల్ 13న కలకత్తాలోని దేశబంధు పార్కు కొలనులో వేలమంది చూస్తుండగా ఎనిమిది గంటలు ఆగకుండా ఈదింది. తరువాత ఆ సమయాన్ని పదహారు గంటలకు పెంచింది. జూలై 24న తన మేనేజరు డాక్టర్ అరుణ్ గుప్తాతో ఇంగ్లండుకు బయలుదేరింది.

5. మొదటి ప్రయత్నం

1959 ఆగస్టు 27న పోటీ జరిగింది. 23 దేశాల నుంచి 58 మంది పాల్గొన్నారు. వారిలో మహిళలు అయిదుగురే. ఫ్రాన్సులోని కేప్ గ్రినే నుంచి ఇంగ్లండు తీరానికి ఈదాలి. అయితే ఆరతి వెంట రావలసిన పడవ సమయానికి రాలేదు. ఆమె 40 నిమిషాలు ఆలస్యంగా బయలుదేరవలసి వచ్చింది.

నలభై నిమిషాలే కదా అని మనకు అనిపించవచ్చు. బస్సు తప్పిపోతే తరువాతి బస్సు ఎక్కుతాం. కాని సముద్రం ఎవరి కోసమూ ఆగదు. పగలు 11 గంటలకల్లా ఆరతి ఇంగ్లండు తీరానికి అయిదు మైళ్ళ దూరంలోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే ప్రవాహం ఎదురు తిరిగింది. సాయంత్రం 4 గంటల వరకు పోరాడినా, ఆ అయిదు గంటల్లో ఆమె రెండు మైళ్ళు మాత్రమే ముందుకు సాగగలిగింది. చివరకు నీటి నుంచి పైకి రాక తప్పలేదు.

పాఠగత ప్రశ్నలు – 2
ఒప్పా? తప్పా? చెప్పండి.
(అ) ఛానల్ ఈదేవారు అలసిపోతే పడవను పట్టుకోవచ్చు.
(ఆ) ఆరతి మొదటి ప్రయత్నంలో పడవ ఆలస్యంగా వచ్చింది.

6. రెండవ ప్రయత్నం, విజయం

ఎవరైనా ఇక ఇంటికి వెళ్ళిపోదామనుకునే సమయమది. పోటీ ముగిసింది. సెప్టెంబరు దాటితే నీరు మరింత చల్లబడుతుంది. ఆ ఏడాదికి అవకాశం పోతుంది. ఆరతి మాత్రం అక్కడే ఉండిపోయింది. మేనేజరు జబ్బుపడినా తన సాధన మానలేదు. తనకు బలం చాలలేదని ఆమె అనుకోలేదు. మళ్ళీ ప్రయత్నించాలని నిర్ణయించుకుంది.

1959 సెప్టెంబరు 29న ఆమె మళ్ళీ కేప్ గ్రినే వద్ద నీటిలోకి దిగింది. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్ళు నిండి అయిదు రోజులే అయింది. ఈసారి పోటీ లేదు, పక్కన ఈదేవారు లేరు. పెద్ద అలలతో పోరాడుతూ 16 గంటల 20 నిమిషాలు ఈదింది. ప్రవాహాలతో కలిపి ఆ దారి 42 మైళ్ళని లెక్కకట్టారు. ఇంగ్లండులోని శాండ్‌గేట్ తీరాన్ని చేరి, ఆ ఒడ్డున మన జాతీయపతాకాన్ని ఎగురవేసింది.

7. తరువాతి జీవితం

1960లో భారత ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో గౌరవించింది. ఈ పురస్కారం పొందిన తొలి భారతీయ క్రీడాకారిణి ఆమే. ఆమె డాక్టర్ అరుణ్ గుప్తాను పెళ్ళి చేసుకుని ఆరతీ గుప్తా అయింది. రైల్వేలో ఉద్యోగం చేసింది. 1994 ఆగస్టు 23న, యాభై మూడేళ్ళ వయసులో, కామెర్లు, మెదడువాపు వ్యాధితో కలకత్తాలో మరణించింది. 1999లో తపాలా శాఖ ఆమె పేరిట స్టాంపు విడుదల చేసింది.

8. మీరు ఏమి నేర్చుకున్నారు?

ఆగస్టులో ఓడిన ఆరతి, సెప్టెంబరులో గెలిచిన ఆరతి ఇద్దరు కాదు. ఆ చేతులే, ఆ సాధనే. అనుకోని ఆలస్యం వల్ల కలిగిన ఓటమిని ఆమె తన శక్తికి కొలతగా తీసుకోలేదు. కుటుంబం, గురువు, క్లబ్బు, ప్రభుత్వం, పొరుగుదేశపు ఈతగాడు ఆమెను నీటి అంచుదాకా చేర్చారు. ఆ తరువాత ఈదవలసింది ఆమె ఒక్కతే. ఏ కారణం చేతనో చదువు మధ్యలో ఆగి, మళ్ళీ పుస్తకం పట్టినవారికి ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది.

పదాలు – అర్థాలు
ఆటుపోట్లు = సముద్రపు నీరు తగ్గడం, పెరగడం
నిర్వాహకులు = జరిపించేవారు
శ్రేయోభిలాషులు = మేలు కోరేవారు

ముగింపు ప్రశ్నలు
1. ఇంగ్లీషు ఛానల్‌ను ఈదడంలో ఉన్న కష్టాలు ఏవి?
2. నలభై నిమిషాల ఆలస్యం ఆరతి ఓటమికి ఎలా దారితీసింది?
3. మీరు మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టిన పని గురించి పది వాక్యాలు రాయండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు
1. (అ) సచిన్ నాగ్ (ఆ) హెల్సింకీ
2. (అ) తప్పు (ఆ) ఒప్పు