యల్లాప్రగడ సుబ్బారావు

మంగళగిరి కొండపై నిలిచి దిగువకు చూచువారికి కృష్ణా డెల్టా పచ్చని తివాచీవలె గోచరించును. కాలువలు, వరిచేలు ఈ సీమకు అన్నము పెట్టినవి. కాని నిలిచిన మురుగునీటిని ఆశ్రయించి దోమలును పెరిగినవి. ఆ దోమలు వ్యాపింపజేయు బోదకాలు వ్యాధి కృష్ణా గోదావరి సీమల ప్రజలను తరతరములుగా పీడించెను. ఆ వ్యాధికి మందు కనుగొన్న శాస్త్రజ్ఞుల బృందమునకు నాయకుడు ఈ డెల్టాసీమలో పుట్టిన తెలుగువాడే. పసిబిడ్డల ప్రాణములు హరించు రక్తపు కాన్సరుపై తొలి విజయమునకు కారణమైన మందు కూడ ఆయన పరిశోధనశాల నుండియే వెలువడెను. ఆ మహనీయుడే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 వ సంవత్సరము జనవరి 12 వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వేంకమ్మ. సంతానము ఏడుగురు, సంపాదన స్వల్పము. బాల్యమున సుబ్బారావునకు చదువుపై శ్రద్ధ కుదరలేదు. పదమూడేండ్ల వయసున కాశికి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి బయలుదేరెను. తల్లి ఆ సంగతి గ్రహించి అతనిని వెనుకకు రప్పించి, మరల బడిలో చేర్చెను. మెట్రిక్యులేషను పరీక్షలో అతడు రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి ఉత్తీర్ణుడయ్యెను. ముందు ముందు లోకము మెచ్చు శాస్త్రజ్ఞుడు కానున్నవాడు ఇతడేయని నాడెవ్వరును తలచియుండరు.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుకొనునపుడు అతని మనసు రామకృష్ణ మఠమువైపు మరలెను. సన్యసించి దీనులకు సేవ చేయవలెనని కోరెను. తల్లి అందుకు సమ్మతింపలేదు. వైద్యమును అభ్యసించినచో సంసారిగా ఉండియు సేవ చేయవచ్చునని తలచి, మద్రాసు వైద్యకళాశాలలో చేరెను. ఆ దినములలో గాంధీమహాత్ముని పిలుపు నందుకొని ఖద్దరు ధరించుట ప్రారంభించెను. అది కళాశాలలో ఒక ఆచార్యునకు రుచింపలేదు. తత్ఫలితముగా సుబ్బారావునకు ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను.

ఇంతలో ఆ కుటుంబముపై పిడుగు పడెను. సంగ్రహణి వ్యాధి సోకి, కొద్దిదినముల వ్యవధిలో ఇద్దరు సోదరులు మరణించిరి. తిన్న అన్నము ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనిషి కృశించి పోవు వ్యాధి యది. వైద్యము చదివిన సోదరుడు చెంతనున్నను చేయగలిగిన దేమియు లేకపోయెను. సుబ్బారావునకు కూడ ఆ వ్యాధి సోకగా, డాక్టరు ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్స వలన కోలుకొనెను. తెలిసిన మందులు చాలవనియు, తెలియని మందులను వెదకవలెననియు ఆయన నిశ్చయించుకొనెను.

కాకినాడలోని మల్లాడి సత్యలింగము నాయకరు ధర్మసంస్థ సహాయముతోను, మామగారి తోడ్పాటుతోను ఆయన 1920 వ దశకపు తొలి సంవత్సరములలో అమెరికాకు ప్రయాణమయ్యెను. బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయములో ఉష్ణమండల వ్యాధుల చికిత్సను అభ్యసించెను. చేత డబ్బు లేనందున రాత్రులందు ఆసుపత్రిలో సామాన్య పనులు చేసి పొట్టపోసికొనెను. పగలు చదువు, రాత్రి కూలి. ఇట్టి స్థితిలో సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి, రక్తములోను మూత్రములోను గల భాస్వరమును కొలుచు పద్ధతిని 1925 లో ప్రకటించెను. ఆ పద్ధతి ప్రయోగశాలలలో వారిద్దరి పేరిట ప్రసిద్ధికెక్కెను. కండరములకు శక్తి నిచ్చు ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927 లోను, సకల జీవకణములకు శక్తిధనమైన ఏ.టి.పి. అను పదార్థమును 1929 లోను వారు ప్రకటించిరి. 1930 లో సుబ్బారావు డాక్టరేటు పొందెను.

1940 లో ఆయన న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ పరిశోధనశాలలో చేరి, పరిశోధనలకు అధిపతి యయ్యెను. అచ్చట ఫోలిక్ ఆమ్లముపై దృష్టి నిలిపెను. ఇది ఆకుకూరలలోను కాలేయములోను ఉండు విటమిను. ఇది లోపించినచో రక్తకణములు సరిగా వృద్ధి చెందవు. 1945 నాటికి ఆయన బృందము దాని నిర్మాణమును నిర్ణయించి, ప్రయోగశాలలోనే దానిని తయారుచేసెను. సంగ్రహణి రోగుల రక్తహీనతను పోగొట్టుటకు ఈ ఆమ్లము తోడ్పడెను. అన్నదమ్ములను బలిగొన్న వ్యాధికి మందు చిక్కెను. కాని వారు పోయి అప్పటికి ఇరువది యేండ్లు దాటినవి.

ఇచ్చట ఒక సూక్ష్మమును గ్రహింపవలెను. శరీరములో ఎంజైములను పదార్థములు కలవు. ప్రతి ఎంజైమునకును ఒక లోతైన పల్లము ఉండును. తాళములో చెవి ఇమిడినట్లు, తగిన ఆకారము గల పదార్థమే ఆ పల్లములో ఇముడును. ఈ పోలికను 1894 లో జర్మను రసాయనజ్ఞుడు ఎమిల్ ఫిషర్ చెప్పెను. ఫోలిక్ ఆమ్లము ఒక ఎంజైములో ఇమిడి, మార్పు పొంది, వెలువడి, కొత్త కణముల నిర్మాణమునకు తోడ్పడును. కాన్సరు కణములు మితిమీరి పెరుగునవి గనుక వానికి ఆ ఆమ్లము మిక్కిలి అవసరము. మరి చూపునకు ఫోలిక్ ఆమ్లమువలె నుండి, తాళమును తెరువక దానియందే చిక్కుకొనిపోవు దొంగచెవిని తయారుచేసినచో ఏమగును?

సుబ్బారావు బృందము అట్టి దొంగచెవులను తయారుచేసెను. ఫోలిక్ ఆమ్లములో ఒకచోట నున్న ఆక్సిజనును తొలగించి, నత్రజనితో కూడిన అమైనో సమూహమును చేర్చగా అమైనోప్టెరిన్ ఏర్పడెను. దానికి ఒక కర్బనము, మూడు హైడ్రోజను పరమాణువులు గల చిన్న సమూహమును మరొకచోట తగిలింపగా మెథోట్రెక్సేట్ ఏర్పడెను. మార్పు అణుమాత్రమే, ఫలితము అపారము. అమైనో సమూహము చేరుటచే ఆ అణువు ఎంజైములో ధనావేశము వహించి, అచ్చటి ఋణావేశమును గట్టిగా పట్టుకొనును. సహజమైన ఆమ్లముకంటె ఇది వేయి రెట్లకు మించిన గట్టిదనముతో అంటుకొనును. పల్లము మూతపడినందున కణము పెరుగజాలదు.

బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు 1947 డిసెంబరు చివరను ఒక బాలునికి అమైనోప్టెరిన్ ఇచ్చి పరీక్షించుట ఆరంభించెను. రక్తపు కాన్సరు సోకిన 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికముగా వ్యాధి తగ్గినట్లు 1948 లో ఆయన ప్రకటించెను. వ్యాధి మరల తిరుగబెట్టెను గాని, దానిని మందుతో అణచవచ్చునని లోకమునకు మొదటిమారు తెలిసెను. కాన్సరు మందుల శాస్త్రమునకు అది ఒక తొలి మెట్టు. మెథోట్రెక్సేట్‌ను ఈనాటికిని కాన్సరునకును, కీళ్లవాతమునకును వైద్యులు వాడుచున్నారు.

ఈ నియమము ఒక్క ఎంజైములకే పరిమితము కాదు. 1948 లోనే రక్తములో సెరొటోనిన్ అను పదార్థమును శాస్త్రజ్ఞులు వేరుపరచిరి. దానిని పట్టుకొను గ్రాహకములు మెదడులోను, ప్రేవులలోను పలువిధములుగా కలవు. కాన్సరు మందులు పెక్కింటి వలన ప్రేవులు సెరొటోనిన్‌ను విడుదల చేయగా, అది నరముల కొసలయందలి గ్రాహకములను తాకి వాంతులు కలిగించును. ఓండాన్‌సెట్రాన్ అను మందు ఆ గ్రాహకపు పల్లములో తాను కూర్చుండి, సెరొటోనిన్‌కు చోటు లేకుండ చేయును. సుమాట్రిప్టాన్ అను మందు సెరొటోనిన్‌ను పోలిన నిర్మాణముతో మరియొక విధమైన గ్రాహకములను తాకి, వాని పనిని ప్రేరేపించి, పార్శ్వపు తలనొప్పిని తగ్గించును. ఒకటి తలుపు మూయును. ఒకటి తలుపు తెరచును. అణువుల ఆకారమును, వానియందలి పరమాణువుల ఆవేశమును మార్చి మందును తీర్చిదిద్దు ఈ విద్యలో సుబ్బారావు బృందము తొలితరములోనిది.

బోదకాలునకు వాడు డైఇథైల్ కార్బమజైన్ అను మందు 1947 లో ఆయన పర్యవేక్షణలోనే వెలువడెను. 1955 లో భారతదేశమున ఆరంభమైన ఫైలేరియా నియంత్రణ కార్యక్రమమునకు అది ముఖ్యాయుధ మయ్యెను. డెల్టా గ్రామములలో ఇంటింట పంచిన మాత్రలలో అది కలదు. టెట్రాసైక్లిన్ జాతికి ఆదియైన ఆరియోమైసిన్ అను సూక్ష్మజీవనాశకమును వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ ఆయన పరిశోధనశాలలోనే కనుగొనెను. తన బృందపు ప్రయత్నములలో సుబ్బారావు సహచరుల పేర్లను ముందుంచి, తాను వెనుక నిలిచెను.

1948 ఆగస్టులో, ఏబది మూడేండ్ల వయసున, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూసెను. స్వదేశమునకు మరలి రాలేదు. భార్య శేషగిరిని మరల చూడలేదు. సేవాకాంక్షతో సన్యసింపగోరిన ఆ యువకుడు, తన సేవకు మారుగా సంసారసుఖమును సైతము వదలుకొనెను. 1995 లో భారత ప్రభుత్వము ఆయన శతజయంతి సందర్భమున తపాలాబిళ్లను వెలువరించెను. ఈనాడు మంగళగిరిలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ మొదలుకొని దూరదేశముల ఆసుపత్రుల వరకు, ఆయన చూపిన బాటలో పుట్టిన మందులు రోగుల నాదుకొనుచున్నవి.

పరీక్షలో రెండుమారులు తప్పిన బాలుడు, అన్నదమ్ముల మృత్యువును నిస్సహాయుడై చూచిన యువకుడు, కూలిచేసి చదివిన విద్యార్థి: వీరందరును కలిసియే సుబ్బారావు. ఓటమిని తుదిగా ఎంచక, తనకు కలిగిన దుఃఖమునే పరులకు మందుగా మార్చిన ఆయన చరిత్ర బాలబాలికలందరకును మార్గదర్శకము.