నాడీ సందేశానికి ఇంధనం చూపిన యల్లాప్రగడ సుబ్బారావు

మెదడులో ఒక నాడీకణం పక్క కణాన్ని ఉత్తేజపరచేందుకు ప్రధానంగా విడుదల చేసే రసాయనం గ్లుటమేట్. కణం దానిని ముందుగానే సుమారు 40 నానోమీటర్ల వ్యాసం గల సంచులలో నింపి ఉంచుతుంది. ఆ నింపుడుకు ఇంధనం ఏటీపీ. ఆ అణువును లోకానికి తెలిపినవారిలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. సోదరుణ్ణి స్ప్రూ వ్యాధి బలిగొనడం ఆయనను పరిశోధన వైపు మళ్లించింది. 1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరి, పొట్టకూటికి ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు.

సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. అదే వారిని 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌కూ, 1929లో కండరంలోని ఏటీపీకీ చేర్చింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దానిని విడిగా కనుగొన్నారు. అయినా హార్వర్డ్‌లో సుబ్బారావుకు శాశ్వత పదవి దక్కలేదు. 1940లో ఆయన లెడర్లీ సంస్థకు వెళ్లారు.

అక్కడ ఆయన నేతృత్వంలో రూపొందిన బోదకాలు మందు డీఈసీ తర్వాతి కాలంలో నికోబార్ వరకూ చేరింది. పగటిపూట కుట్టే అడవి దోమ వ్యాధిని వ్యాపింపజేసే నాంకౌరీ దీవులలో ఆ మందు కలిపిన ఉప్పును ప్రజలకు అందించారు.

ఏటీపీ కథ మాత్రం మెదడులో కొనసాగింది. సంచి పొరలోని పంపు ఏటీపీని వెచ్చించి ప్రోటాన్లను లోపలికి నెడుతుంది. లోపల ధనావేశం పెరగడంతో, ఋణావేశం గల గ్లుటమేట్ పొరలోని ప్రత్యేక ప్రోటీన్ ద్వారా లోపలికి చేరుతుంది. ఏటీపీ అందకపోతే సంచులు నిండవు, సందేశం నిలిచిపోతుంది. ఆ ప్రోటీన్‌ను శాస్త్రవేత్తలు 2000లో గుర్తించారు.

1948 ఆగస్టులో న్యూయార్క్‌లో, 53వ ఏట సుబ్బారావు కన్నుమూశారు. అప్పటికి ఆ సూక్ష్మ సంచులను ఎవరూ చూడనైనా లేదు. భారత తపాలా శాఖ ఆయన స్మారక బిళ్లను 1995లో వెలువరించింది. పదవి దక్కని పరిశోధకుడు వెలికితీసిన అణువు మాత్రం ప్రతి ఆలోచన వెనుకా పనిచేస్తూనే ఉంది.