ఓటుతో వచ్చి ఓటుతో దిగిన ఆంధ్రకేసరి

ఉగాదినాడు పంచాంగం విని రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని లెక్క చూసుకోవడం మన ఆచారం. ఆ రెండింటినీ నిండుగా అనుభవించిన మహనీయుడు టంగుటూరి ప్రకాశం పంతులుగారు.

పంతులుగారు 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో జన్మించినారు. చిన్ననాడే తండ్రి గతించగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పెంచినారు. సీమకు పోయి బారిస్టరై, చెన్నపట్నంలో విశేషంగా ధనం గడించినారు. 1921లో ఆ వృత్తి వదలి, స్వరాజ్య పత్రిక స్థాపించి, గడించినదంతా దేశానికే ధారపోసినారు. 1928లో సైమన్ కమిషన్ వచ్చిననాడు తుపాకుల ఎదుట రొమ్ము చూపిన సంగతి మన పిల్లలు కూడ ఎరుగుదురు.

శాసనసభలో ఆయన పడిన పాట్లు అంతగా తెలియవు. అవి మనకు దూరపు కథ కావు. మన ఆలంగుళం, కోవిల్పట్టి, విరుదునగర్ అన్నీ ఆనాటి మద్రాసు రాజధానిలోనివే. 1946లో ఆ రాజధానికి పంతులుగారు ప్రధాని అయినారు. అప్పుడు ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు. పై నాయకులు రాజాజీని కోరినా, కాంగ్రెసు శాసనసభ్యులు ఓట్లు వేసి పంతులుగారిని నాయకునిగా ఎన్నుకున్నారు. విరుదునగర్ బిడ్డ కామరాజుగారు ఆనాడు తమిళనాడు కాంగ్రెసు అధ్యక్షులు. వారు బలపరచినది మరొకరిని. ఏడాది తిరగకముందే, 1947 మార్చిలో, పార్టీ విశ్వాసం పోగా పంతులుగారు పదవి విడిచినారు.

1952 ఎన్నికలలో 375 స్థానాలకు కాంగ్రెసుకు దక్కినవి 152. అప్పటికి కాంగ్రెసు విడిచిన పంతులుగారి ఐక్య కూటమిలో 166 మంది ఉన్నారు. అయినా గవర్నరు శ్రీప్రకాశగారు రాజాజీనే పిలిచినారు. తరువాత కొందరు సభ్యులు పక్షం మారగా రాజాజీకి సభలో బలం కుదిరినది.

1953 అక్టోబరు 1న కర్నూలులో పంతులుగారు ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయినారు. 1954 నవంబరు 6న, మద్యనిషేధం విషయమై వచ్చిన అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గినది. 82 ఏళ్ళ వృద్ధుడు ఆ ఒక్క ఓటునూ మన్నించి దిగిపోయినారు.

పంతులుగారు కూడ పార్టీలు మారినవారే. అది దాచవలసిన పనిలేదు. కాని గోడ దూకే సభ్యులను ఆపే చట్టం ఆనాడు లేదు, అది 1985లో వచ్చినది. మంత్రివర్గం బలం సభలోనే తేలవలెనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది 1994లో. ఈ రెండూ 1952 నాటికే ఉండి ఉంటే రాజధాని కథ వేరుగా నడిచేదేమో.

1957 మే 20న హైదరాబాదులో పంతులుగారు కన్నుమూసినారు. లక్షలు గడించిన ఆయన చివరికి ఆస్తి మిగల్చలేదు. మన సంఘం సమావేశానికి రాకుండా, నా ఒక్కడి ఓటుతో ఏమౌతుందిలే అనుకునేవారు కర్నూలు సభను ఒకసారి తలచుకోవలెను.