యంత్రానికి మాటలు నేర్పిన గ్రేస్ హాపర్

కంప్యూటర్ విద్య నేర్చినవారు ప్రోగ్రాములు రాయవచ్చు. యంత్రంలోని లోపాలను వెతికి సరిదిద్దవచ్చు. కొత్త కంప్యూటర్ భాషలను రూపొందించవచ్చు. ఇతరులకు బోధించవచ్చు. ఈ వృత్తులకు సరైన పేర్లయినా లేని రోజుల్లో వాటన్నింటినీ చేసి చూపిన మహిళ గ్రేస్ హాపర్.

ఆమె 1906 డిసెంబరు 9న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జన్మించింది. చిన్ననాటి నుండి ఆమెకు ప్రతి వస్తువు లోపలి గుట్టు తెలుసుకోవాలనే కుతూహలం ఉండేది. ఏడేళ్ల వయసులో అలారం గడియారం ఎలా పనిచేస్తుందో చూడాలని దాన్ని విప్పింది. తిరిగి బిగించడం చేతకాలేదు. మరొకటి విప్పింది. అలా ఇంట్లోని ఏడు గడియారాలూ విడిభాగాలయ్యాయి. ఆ తరువాత ఒక్క గడియారంతోనే సరిపెట్టుకోవాలని తల్లి కట్టడి చేసింది.

పదహారేళ్ల వయసులో వాసర్ కళాశాలలో చేరబోగా ఆమె లాటిన్ పరీక్షలో తప్పింది. నిరుత్సాహపడక మరుసటి ఏడు ప్రవేశం పొందింది. 1928లో గణిత, భౌతిక శాస్త్రాలలో పట్టం పుచ్చుకుంది. 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుండి గణితంలో డాక్టరేట్ పొందింది. తాను చదివిన వాసర్ కళాశాలలోనే అధ్యాపకురాలిగా పనిచేసింది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆమె నౌకాదళంలో చేరాలనుకుంది. వయసు ఎక్కువ, బరువు తక్కువ అని అధికారులు అభ్యంతరం చెప్పారు. ఆమె పట్టు విడవక ప్రత్యేక అనుమతి సంపాదించి 1943లో చేరింది. 1944లో ఆమెను హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని మార్క్-1 అనే గణనయంత్రం వద్దకు పంపారు. అది 51 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు ఉండేది. కాగితపు పట్టీ మీద రంధ్రాలు చేసి దానికి ఆజ్ఞలు ఇచ్చేవారు. హాపర్ ఆ యంత్రాన్ని నడపడం నేర్చుకోవడమే గాక, దాన్ని వాడే పద్ధతిని వివరించే పెద్ద గ్రంథాన్ని కూడా సిద్ధం చేసింది.

1949లో ఆమె యూనివాక్ కంప్యూటర్‌ను తయారుచేస్తున్న సంస్థలో చేరింది. అప్పట్లో ప్రోగ్రాములను అంకెలు, సంకేతాలతోనే రాయవలసి వచ్చేది. ఒకసారి రాసిన భాగాన్నే మళ్లీ మళ్లీ చేతితో ఎత్తిరాసేవారు. అందువల్ల తప్పులు దొర్లేవి. ఈ విసుగు పనిని యంత్రమే ఎందుకు చేయకూడదని ఆమె ఆలోచించింది. ముందే రాసిపెట్టిన భాగాలను యంత్రమే వెతికి జతపరిచే కంపైలర్‌ను 1952లో తయారుచేసింది. కంప్యూటర్ లెక్కలు మాత్రమే చేయగలదనుకున్నవారు మొదట ఆ మాట నమ్మలేదు.

ఆమె అక్కడితో ఆగలేదు. లెక్కల గుర్తులు తెలియని వ్యాపారులు, గుమాస్తాలు కూడా మామూలు మాటలతో కంప్యూటర్‌కు పని చెప్పగలగాలని భావించింది. ఒక చిన్న నమూనా సిద్ధం చేసి, ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచి, జర్మన్ మాటలతోనూ అదే పని జరుగుతుందని చూపింది. యంత్రానికి ఏ భాష మాటైనా ఒక గుర్తు మాత్రమే. కాని అమెరికాలో తయారైన యంత్రానికి పరభాషలేమిటని పై అధికారులు కంగారుపడ్డారు. చివరకు ఇంగ్లీషు మాటలతోనే ఫ్లో-మాటిక్ అనే భాష రూపొందింది. 1959లో ఒక సంఘం దాని ఆధారంగా కోబాల్ భాషకు రూపకల్పన ప్రారంభించింది. నేటికీ అనేక బ్యాంకుల లెక్కలు కోబాల్ ప్రోగ్రాములతో నడుస్తున్నాయి.

1966లో నౌకాదళం ఆమెకు పదవీ విరమణ ఇచ్చింది. మరుసటి ఏడే ఆరు నెలల పనికని తిరిగి పిలిచింది. ఆ ఆరు నెలలు సుమారు పందొమ్మిదేళ్లయ్యాయి! వేర్వేరు కంప్యూటర్లలో కోబాల్ ఒకే తీరుగా పనిచేసేలా చూడడం ఆమె చేపట్టిన పని. 1986లో, 79 ఏళ్ల వయసులో, రియర్ అడ్మిరల్ హోదాలో విరమించింది. ఆ తరువాత కూడా ఒక కంప్యూటర్ సంస్థకు సలహాదారుగా ఉంటూ యువతకు ఉపన్యాసాలిచ్చింది. సెకనులో నూరు కోట్లవ వంతు కాలంలో విద్యుత్తు ఎంత దూరం పోగలదో చూపడానికి, దాదాపు 30 సెంటీమీటర్ల తీగ ముక్కలను సభలో పంచిపెట్టేది. 1992 జనవరి 1న ఆమె కన్నుమూసింది. 2016లో అమెరికా ప్రభుత్వం ఆమెకు మరణానంతరం అత్యున్నత పౌర పురస్కారమిచ్చి గౌరవించింది.

గణిత బోధనతో మొదలైన హాపర్ జీవితం ఎన్నో మలుపులు తిరిగింది. ప్రతి మలుపులోనూ ఆమె తెలియని పనిని నేర్చుకుంది, నేర్చినదాన్ని పదిమందికి సులభం చేసింది. కంప్యూటర్ రంగంలో అడుగుపెట్టదలచిన విద్యార్థులకు ఈ రెండు గుణాలే పెట్టుబడి.