గురుదక్షిణ: శ్రీ తిరుమలై కృష్ణమాచార్యుల జీవితము

విద్య నేర్చినవారందరును గురువులు కాజాలరు. తాను చేయగలిగిన దానిని ఇతరులచేత చేయించుటకు వేరొక సాధన వలయును. యోగవిద్య విషయమున ఈ సత్యము మరింత స్పష్టముగా గోచరించును.

ఐర్లండు దేశమున, డబ్లిన్ నగరమునకు దక్షిణపు అంచున, చెర్రీవుడ్ అను కొత్త పట్టణము కలదు. 2010లో లువాస్ ట్రాము మార్గము అచ్చటికి చేరినది. అట్టి ఊరిలో నివసించు ఒక యువతి యోగమును నేర్పు ఉపాధ్యాయురాలు కాదలచినచో, ఆమె ముందు నేడు సాధారణముగా కనబడు మార్గము 200 గంటల శిక్షణ. అమెరికాలో 1999లో ఏర్పడిన యోగా అలయన్స్ అను సంస్థ వ్యాప్తిలోనికి తెచ్చిన కొలత అది. ఆ శిక్షణలో ఆమె అభ్యసించు ఆసనక్రమములకును, ఉచ్ఛ్వాసనిశ్వాసములతో అంగచలనమును జతపరచు పద్ధతికిని మూలము వెదకినచో, తరచుగా ఆ దారి మైసూరులోని ఒక ఉపాధ్యాయుని యొద్దకు చేరును. ఆయన ఎన్నడును సముద్రము దాటలేదు. తన విద్యను గంటలతో కొలువలేదు. ఆయనయే శ్రీ తిరుమలై కృష్ణమాచార్యులు.

ఆచార్యులు 1888 నవంబరు 18వ తేదీన, నాటి మైసూరు సంస్థానములోని చిత్రదుర్గ ప్రాంతమున, ముచుకుందపురమను గ్రామమున తెలుగు అయ్యంగార్ల కుటుంబములో జన్మించిరి. తండ్రి శ్రీనివాస తాతాచార్యులు వేదాధ్యాపకులు. తల్లి రంగనాయకమ్మగారు. వైష్ణవాచార్యులలో ప్రథములైన నాథమునుల వంశము తమదని ఆ కుటుంబమువారి విశ్వాసము. బాలునికి ఉపనయనము చేసి, సంస్కృతమును, యోగాసనములలో తొలి పాఠములను తండ్రియే నేర్పిరి. అయితే ఆ భాగ్యము ఎంతోకాలము నిలువలేదు. కుమారునికి పదేండ్ల ప్రాయముననే తండ్రి పరమపదించిరి. కుటుంబము మైసూరు చేరినది. అచ్చటి పరకాల మఠమున ముత్తాతగారు పీఠాధిపతులుగా నుండుటచే బాలుని చదువు కుంటుపడలేదు.

పదునారవ యేట ఆయన నాథమునులను తలచుకొని దక్షిణదేశమునకు యాత్ర వెడలిరి. ఆళ్వార్ తిరునగరిలో చింతచెట్టు క్రింద తనకు కలిగిన దర్శనములో, లుప్తమైపోయిన యోగరహస్యమను గ్రంథమును నాథమునులు వినిపించిరని ఆయన జీవితాంతము నమ్మిరి. తరువాతి కాలమున ఆ శ్లోకములను శిష్యులకు పాఠము చెప్పిరి.

పదునెనిమిదేండ్ల వయస్సున కాశీకి వెళ్ళి వ్యాకరణ, తర్కశాస్త్రములను అభ్యసించిరి. మైసూరునకు తిరిగి వచ్చి వేదాంతము చదివి, 1914లో మరల కాశీకే పోయిరి. చేతిలో ధనము లేదు. విద్యార్థులకు శాస్త్రము విధించిన నియమము ననుసరించి దినమునకు ఏడు ఇండ్ల యెదుట మాత్రమే నిలిచి భిక్ష యడుగుచు, దొరికిన గోధుమపిండిని నీటితో కలిపి రొట్టె కాల్చుకొని తినుచు చదివిరి. షడ్దర్శనములలోను పాండిత్యము సంపాదించిరి. ఆయుర్వేదమును అభ్యసించిరి. బిరుదులు పెక్కు లభించినవి. ఇంత చదివియు యోగమునకు సంబంధించినంతవరకు తన విద్య అసంపూర్ణమేనని ఆయనకు తోచినది. పుస్తకములలో సూత్రములున్నవి గాని, వాటిని శరీరమునందును శ్వాసయందును చూపగల గురువు కాశీలో దొరకలేదు.

అట్టి గురువు కైలాసపర్వత ప్రాంతమున, మానససరోవర సమీపమున కలరని విని, ఆచార్యులు హిమాలయములను కాలినడకన దాటి వెళ్ళిరి. ఆ యాత్రను గురించి లోకమునకు తెలిసినదంతయు ఆయన తరువాత శిష్యులకు చెప్పినదియే. రామమోహన బ్రహ్మచారియను ఆ గురువు భార్యాబిడ్డలతో గుహలో నివసించుచుండిరట. అచ్చట ఏడేండ్లకు పైగా శిష్యుడు పతంజలి యోగసూత్రములను కంఠస్థము చేసి, ఆసన ప్రాణాయామములను సాధించి, యోగముతో రోగములను కుదుర్చు విధానమును నేర్చెను. విద్య ముగిసిన దినమున గురుదక్షిణ యేమి సమర్పింపవలెనని అడుగగా, గురువు బంగారము కోరలేదు. స్వదేశమునకు పోయి, వివాహము చేసికొని, బిడ్డలను పెంచుచు, గృహస్థుడవై యోగమును నేర్పుమని ఆజ్ఞాపించెను.

ఇది చిన్న దక్షిణ వలె కనబడును. కాని ఆచార్యులు దానిని చెల్లించుటకు జీవితమంతయు పట్టినది. అంత పాండిత్యము గల వానికి ఆస్థానములలోను విద్యాలయములలోను గౌరవస్థానము దొరకకపోదు. పరకాల మఠాధిపత్యము సైతము ఆయనను వెదకికొని వచ్చినది. మఠాధిపతి సన్న్యాసి కావలెను. గురువు గృహస్థుడవు కమ్మనెను. ఆచార్యులు పీఠమును కాదనిరి.

1925లో నామగిరియమ్మగారిని వివాహమాడిరి. ఆ కాలమున యోగమును నేర్చుకొనుటకు డబ్బిచ్చువారు లేరు. యోగి యనగా బిచ్చగాడో, గారడీవాడో యని జనుల తలంపు. దారిద్ర్యము ఎంతవరకు వచ్చెననగా, భార్య చీరలో ఒక ముక్క చింపి ఆయన కౌపీనము కట్టుకొనిరి. తుదకు హాసన ప్రాంతమున ఒక కాఫీతోటలో మేస్త్రీగా పనికి కుదిరిరి. షడ్దర్శన పండితుడు పొట్టి లాగు, పొట్టిచేతుల చొక్కా, టోపీ ధరించి, చేత కఱ్ఱ పట్టుకొని కూలీల వెంట తిరిగెను. తోటలలో చెమటోడ్చిన పెద్దల సంతతికి ఈ ఘట్టమును వేరుగా వివరింప నక్కరలేదు. పగలు తోటపని. సెలవు దినములలో ఊరూర యోగప్రదర్శనలు, ఉపన్యాసములు. నాడి ఆపి చూపుట, చేతులతో మోటారుకారును నిలిపివేయుట, పండ్లతో బరువులెత్తుట వంటి వింతలను చేసి జనులను పోగుచేసి, వారు వచ్చిన పిమ్మట యోగమును గురించి చెప్పెడివారు. 1927లో అట్టి ప్రదర్శనను హాసనలో చూచిన పండ్రెండేండ్ల బాలుడొకడు మరునాడే శిష్యుడయ్యెను. ఆ బాలుడే పట్టాభి జోయిస్.

మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు ఆచార్యుల విద్యను గుర్తించి ఆహ్వానించుటతో దశ మారినది. 1930ల తొలి సంవత్సరములలో మైసూరు సంస్కృత కళాశాలలో యోగబోధకు నియమించిరి. అచ్చట మొదటి పరాజయము కలిగినది. క్రమశిక్షణ మితిమీరినదని విద్యార్థులు మొరపెట్టుకొనిరి. కైలాసమున తాను సహించిన కాఠిన్యమును పట్టణపు విద్యార్థులు సహింపజాలరని ఆయన గ్రహింపలేదు. మహారాజు ఆయనను విడువక, 1933లో జగన్మోహన ప్రాసాదమున ప్రత్యేకముగా యోగశాలను ఏర్పరచిరి. 1934లో ఆచార్యులు కన్నడమున రచించిన యోగమకరందము వెలువడినది.

యోగశాలలో విద్యార్థులు ఎక్కువమంది బాలురు. పరుగులు, దూకుడు వారి స్వభావము. ఆచార్యులు ఆసనములను శ్వాసతో గొలుసువలె కూర్చి, ఒకదాని వెంట ఒకటి వేగముగా చేయించు పద్ధతిని రూపొందించిరి. జోయిస్ దానిని నేర్చి, తరువాత అష్టాంగ విన్యాసమను పేర లోకమంతట వ్యాపింపజేసిరి.

1934లో మైసూరు చేరిన మరొక శిష్యుడు ఆచార్యుల బావమరిది సుందరరాజు. మలేరియా, టైఫాయిడు, క్షయ ఒకదాని తరువాత ఒకటి పీడింపగా బక్కచిక్కిన పదునైదేండ్ల బాలుడు. అతడు యోగమునకు పనికిరాడని తలచి ఆచార్యులు చాలకాలము శ్రద్ధ చూపలేదు. ముఖ్య శిష్యుడొకడు చెప్పకుండ వెడలిపోగా, ప్రదర్శనకు వేరెవరును లేక ఇతనికి కఠినమైన ఆసనములను కొలది దినములలో నేర్పిరి. ఆ గురువు కోపమును, దెబ్బలను శిష్యుడు వృద్ధుడైన పిమ్మట కూడ మరువక చెప్పుకొనెను. అయినను ఆయననే గురువుగా పూజించెను. 1937లో పూనా నుండి ఉపాధ్యాయుడు కావలెనని కబురు రాగా, కొద్దిగా ఇంగ్లీషు తెలిసినవాడని ఇతనినే పంపిరి. శిక్షణ పూర్తి కాలేదు. వయస్సు పదునెనిమిది. తన వ్యాధిగ్రస్త శరీరమునే పాఠ్యగ్రంథముగా చదివి, ప్రతి ఆసనమును సూక్ష్మముగా పరిశీలించి, అతడు బి.కె.ఎస్. అయ్యంగారుగా జగద్విఖ్యాతుడయ్యెను.

అదే 1937లో మరొక పరీక్ష వచ్చినది. ఐరోపా నుండి వచ్చిన ఇంద్రాదేవియను స్త్రీ శిష్యురాలిని కావలెనని కోరినది. స్త్రీ యనియు, విదేశీయురాలనియు ఆచార్యులు నిరాకరించిరి. మహారాజు పట్టుబట్టగా అంగీకరించి, ఆమె తానై విరమించుకొనునని కఠినమైన ఆహారనియమములను, దినచర్యను విధించిరి. ఆమె వాటినన్నింటిని నెరవేర్చినది. అప్పుడు మారినది ఆమె కాదు, ఆచార్యులే. భర్తతో ఆమె చీనాదేశమునకు వెళ్ళవలసివచ్చినప్పుడు ఆయన ఆమెను కూర్చుండబెట్టి, ఆహారమును, ఆసనములను, ప్రాణాయామమును రోగికి, ఆరోగ్యవంతునికి ఎట్లు నేర్పవలెనో చెప్పి వ్రాయించి, ఉపాధ్యాయురాలివి కమ్మని ఆదేశించిరి. తాను హిమాలయమున పొందిన ఆజ్ఞను ఆయన ఒక పరదేశీయురాలికి అందజేసిన క్షణమది. ఆమె 1939లో షాంఘైలో పాఠశాల తెరచినది. 1947లో అమెరికా చేరి హాలీవుడ్‌లో నేర్పినది.

1940లో మహారాజు దివంగతులైరి. స్వాతంత్ర్యము వచ్చినది. సంస్థానములు పోయినవి. 1950లో యోగశాల మూతపడినది. అరువదేండ్లు దాటిన వయస్సున ఆచార్యులు మరల జీవనోపాధి వెదకుకొనవలసివచ్చినది. 1952 ప్రాంతమున, పక్షవాతముతో బాధపడుచున్న ఒక ప్రముఖ న్యాయవాదికి చికిత్స చేయ పిలుపు రాగా మద్రాసు చేరి అచ్చటనే స్థిరపడిరి. వివేకానంద కళాశాలలో కూడ బోధించిరి.

మద్రాసులో ఆయన బోధ వేరు రూపము దాల్చినది. వచ్చినవారు రోగులు, వృద్ధులు, గృహిణులు. మైసూరు బాలుర పాఠము వారికి చెల్లదు. ఆచార్యులు ఒక్కొక్కరినే యెదుట కూర్చుండబెట్టుకొని, నాడి చూచి, నిద్ర, ఆహారము, వృత్తి విచారించి, వారికి తగిన సాధనను నిర్ణయించిరి. ఒకరి పాఠము మరియొకరిది కాదు. మతము విషయమునను అంతే. తాను నిష్ఠాగరిష్ఠుడైన వైష్ణవుడయ్యు, దేవునియందు నమ్మిక లేనివానిని సూర్యునిగాని, తల్లిదండ్రులనుగాని ధ్యానింపుమనిరి. స్త్రీలకు వేదపఠనము నేర్పిరి. ఒకప్పుడు విద్యార్థులు పారిపోవునంత కఠినుడైన గురువు శిష్యుని గుణమెరిగి నేర్పుటయే బోధ యని నిలిచెను.

ఆయన కుమారుడు దేశికాచారి ఇంజనీరింగు చదివిన యువకుడు. తండ్రి విద్యపై అంతగా ఆసక్తి లేదు. 1961 ప్రాంతమున ఒకనాడు ఇంటి ముంగిట, పెద్ద కారు దిగివచ్చిన ఒక విదేశీ స్త్రీ తండ్రిని కౌగిలించుకొని కృతజ్ఞత తెలుపుట చూచి నివ్వెరపోయెను. యేండ్ల తరబడి నిద్ర లేని ఆమెకు ఆచార్యుల సాధన వలన క్రిందటి రాత్రి నిద్ర పట్టినది. కుమారుడు ఉద్యోగమును విడిచి శిష్యునిగా చేర్చుకొమ్మని యడిగెను. తండ్రి వెంటనే సంతోషింపలేదు. తెల్లవారుజామున మూడున్నరకు లేచి పాఠమునకు రమ్మని పరీక్షించిరి. కుమారుడు తప్పక వచ్చెను. ఆ పాఠము దాదాపు మూడు దశాబ్దములు సాగినది. మదనపల్లెలో జన్మించిన తెలుగు తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి వృద్ధాప్యమున యోగము నేర్చినది ఈ దేశికాచారి యొద్దనే. 1976లో దేశికాచారి మద్రాసున తండ్రి పేర కృష్ణమాచార్య యోగమందిరమును స్థాపించెను.

1984లో, తొంబదియారేండ్ల వయస్సున, తుంటి యెముక విరిగినది. శస్త్రచికిత్సను నిరాకరించి, మంచముపైననే తనకు తగిన సాధనను తానే ఏర్పరచుకొనిరి. నూరేండ్లు నిండిన పిమ్మట 1989 ఫిబ్రవరి 28న పరమపదించిరి. చివరివరకు తాను గురువును కాను, విద్యార్థినేనని ఆయన చెప్పుకొనెడివారు.

అది వినయము కొఱకు పలికిన మాట కాదు, ఆయన జీవితసారము. హిమాలయమున ఏడేండ్లు ఆయనను యోగిని చేసినవి. ఉపాధ్యాయుని చేసినది మాత్రము సంస్కృత కళాశాల విద్యార్థుల మొర, రోగిష్ఠియైన బావమరిది, తలుపు తట్టి వెళ్ళిపోనని నిలిచిన ఒక పరదేశీయురాలు, నిద్ర పట్టని మరొకామె. వారందరును ఆయన యొద్ద నేర్చిరి. ఆయన వారియొద్ద నేర్పుట నేర్చిరి.

చెర్రీవుడ్‌లోని యువతికి 200 గంటల చివర చేతికి వచ్చు పత్రము వ్యర్థము కాదు. ద్వారము తెరచునది అదే. కాని ద్వారము లోపలనున్న శిక్షణ ఆమె యెదుట మొదటి శిష్యుడు వచ్చి కూర్చున్న దినమున ఆరంభమగును. శిష్యుని శ్వాసను, వయస్సును, దుఃఖమును చూడనేర్చిననాడే ఆమె ఉపాధ్యాయురాలగును. కాఫీతోటలో కఱ్ఱ పట్టుకొని నడచిన ఆ పండితుడు గురువునకు చెల్లించిన దక్షిణ అదియే. ఆయన నుండి విద్య పొందిన ప్రతివారును మరల చెల్లింపవలసిన ఋణమును అదియే.